పుట్టనివారి పేర ఋణము

ఋణమును గూర్చిన మాట వచ్చినంతనే దానిని గణకులకును ధనాధికారులకును వదలి తాము తప్పుకొనుట విద్యావంతులకు సైతము అలవాటైపోయినది. వడ్డీ యెంత, గడువెంత, తాకట్టేమి అను ప్రశ్నలు లెక్కలకు సంబంధించినవే. కాని అప్పు చేయువాడెవడు, అనుభవించువాడెవడు, తీర్చువాడెవడు అను ప్రశ్నలు లెక్కలకు లోబడునవి కావు. అవి ధర్మమునకు సంబంధించినవి. ఈ మువ్వురును ఒక్కడే యైనపుడు ధర్మసందేహమునకు తావులేదు. మువ్వురును వేరైనపుడు, అందును తీర్చవలసినవాడు ఇంకను పుట్టియే యుండనపుడు, ఆ ఋణమునకు న్యాయమెక్కడిది? ఈ ప్రశ్న మాకు మా యంతట తోచినది కాదు. సముద్రముల కావలినుండి వచ్చిన యొక మాట తోపించినది.

మా పెదతండ్రిగారి కుమారులు చిరకాలముగా అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున స్థిరపడి ఆ దేశపు పౌరులైరి. 2016వ సంవత్సరమున, నవంబరు ఎన్నికలకు కొన్నిదినములు ముందు, వారు మాతో ఫోనులో ముచ్చటించుచు నిట్లనిరి: “తమ్ముడూ, ఈసారి అధ్యక్షుని యెన్నికతోపాటు పదునేడు ప్రతిపాదనలమీద మేము అవుననో కాదనో చెప్పవలెను. ప్రభుత్వమువారు పంపిన వివరణగ్రంథము రెండువందల పుటలు దాటినది. అందు 53వది రాష్ట్రము చేయు అప్పును గూర్చినది. పదిమందికి చదువు చెప్పువాడవు గదా, నీవైతే ఏమందువు?” ఆ పూట మేమేమియు చెప్పలేకపోతిమి. అందుచేతనే ఈ వ్యాసము.

మొదట ఆ ప్రతిపాదనమేమో చెప్పుట యావశ్యకము. కాలిఫోర్నియాలో రాష్ట్రప్రభుత్వము ఋణపత్రములమ్మి ధనము తెచ్చుకొను మార్గములలో ప్రధానమైనవి రెండు. ఒక విధమైన పత్రములకు రాష్ట్ర ఖజానాయే పూచీ. పన్నుల రాబడినుండి వానిని తీర్చుదురు. వీనికి ప్రజల ఓటు తప్పనిసరి. రెండవ విధమైన పత్రములను ఆ ధనముతో కట్టిన వంతెనమీదనో కాలువమీదనో వచ్చు సుంకముతో తీర్చుదురు. ఖజానాకు పూచీ లేదు గనుక వీనికి ప్రజలనడుగ నక్కరలేదు. ఈ రెండవ విధమైన ఋణము ఒక పనికి 200 కోట్ల డాలర్లను మించునెడల దానికిని రాష్ట్రప్రజలందరి ఓటు కావలెనని 53వ ప్రతిపాదన కోరినది. శాక్రమెంటో నదీముఖమున భూమిక్రింద త్రవ్వదలచిన రెండు జలమార్గములును, శీఘ్రగామియగు రైలుమార్గమును అప్పటి వివాదమునకు ముఖ్యకారణములు. ఖాళీ కాగితముపై ప్రజల చేవ్రాలు తీసికొనరాదని ప్రతిపాదనవారు వాదించిరి. ఒక ప్రాంతపు వంతెనకు ఎక్కడనో దూరముననున్నవారి యనుమతి యేల, భూకంపము వచ్చినపుడును ఎన్నికలకొరకు వేచియుండవలెనా యని ప్రతిపక్షమువారు ప్రశ్నించిరి. గవర్నరు జెర్రీ బ్రౌను దానిని తీవ్రముగా వ్యతిరేకించెను. తుదకు నూటికి ఏబదికి పైచిలుకు మంది కాదనుటచే అది వీగిపోయినది. రెండు పక్షముల తేడా నూటికి రెండుపాళ్లకును లోపే.

అప్పు చేయుటకు ప్రజలనడుగు నాచారము ఆ దేశమున ఊరక పుట్టినది కాదు, దెబ్బతిని నేర్చుకొనినది. 1825లో న్యూయార్కు రాష్ట్రమువారి ఈరీ కాలువ పూర్తియై దానిమీది సుంకములు పుష్కలముగా రాజొచ్చెను. దానిని చూచి తక్కిన రాష్ట్రములును కాలువలకనియు, రైలుదారులకనియు, బ్యాంకులకనియు లండను ధనికులయొద్ద విరివిగా అప్పులు తెచ్చినవి. పన్ను వేయనక్కరలేదు, కాలువయే తన యప్పును తీర్చుకొనునని శాసనసభ్యులు ప్రజలకు నచ్చజెప్పిరి. 1837లో వ్యాపారసంక్షోభము వచ్చెను. 1841 మొదలు 1843 లోపల ఎనిమిది రాష్ట్రములును, ఫ్లారిడా ప్రాంతమును వడ్డీ చెల్లింపలేక చేతులెత్తినవి. పెన్సిల్వేనియా పిమ్మట తేరుకొని చెల్లింప నారంభించెను. మిసిసిపీ తన బ్యాంకు పత్రములను మేమెరుగమని త్రోసిపుచ్చి, 1875లో ఆ ఋణమును చెల్లింపనే కూడదని తన రాజ్యాంగమున వ్రాసికొనెను.

ఈ పరాభవమునుండియే ఆ నియమము పుట్టినది. 1842లో రోడ్ ఐలండు రాష్ట్రము, యుద్ధాదులయందు తప్ప 50,000 డాలర్లకు మించిన ఋణమునకు ప్రజల స్పష్టమైన సమ్మతి కావలెనని విధించెను. 1846లో న్యూయార్కు మరికొంత ముందునకు పోయినది. ఋణము ఒక్క నిర్దిష్టమైన పనికే కావలెను; దానిని 18 సంవత్సరములలో తీర్చుటకు చాలిన పన్నును ఆ చట్టములోనే విధింపవలెను; పిమ్మట దానిని ప్రజల ఓటునకు పెట్టవలెను. చేదును తీపిని ఒకే గిన్నెలో పోసి, త్రాగెదరా యని యడుగుట యన్నమాట. కాలిఫోర్నియా 1849లో తన మొదటి రాజ్యాంగమును వ్రాసికొనునపుడే 3 లక్షల డాలర్లను హద్దుగా పెట్టుకొనినది.

అయితే ప్రజలనడిగినంతమాత్రమున ఋణము ధర్మ్యమగునా? ఆ రాష్ట్రపు చరిత్రనుండియే మూడుదాహరణములు చూపుదుము.

1930 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోను దాని యుత్తరపు కౌంటీలను ఓటర్లు మూడున్నరకోట్ల డాలర్ల ఋణమునకు సమ్మతించిరి. అది దేశమంతయు ఆర్థికమాంద్యమున క్రుంగుచున్న కాలము. వారు తమ యిండ్లను, పొలములను, వ్యాపారస్థలములను పూచీపెట్టి గోల్డెన్ గేటు వంతెనకు చేవ్రాలు చేసిరి. వంతెన 1937లో తెరువబడెను. అసలును, దాదాపు 3 కోట్ల 90 లక్షల వడ్డీయును వంతెన సుంకములనుండియే 1971 నాటికి తీరిపోయినవి. ఓటు వేసినవారిలో పలువురు అప్పటికి గతించియే యుందురు. సుంకము కట్టినవారిలో పలువురు 1930 నాటికి పుట్టియే యుండరు. అయినను వారికి అన్యాయము జరిగినదని యెవడును అనజాలడు. వారు కట్టిన కాసునకు కాళ్లక్రింద వంతెన యున్నది.

2004 మార్చిలో ఆ రాష్ట్రపు ఓటర్లే 1,500 కోట్ల డాలర్ల మరియొక ఋణమునకు సమ్మతించిరి. అది వంతెనకు కాదు, కాలువకు కాదు. గడచిన సంవత్సరములలో రాబడికి మించి ప్రభుత్వము చేసిన వ్యయమును పూడ్చుటకు. ఆ ఋణము 2015లో గాని తీరలేదు. విశేషమేమనగా, ఇకమీదట ఇట్టి లోటును పూడ్చుటకు అప్పు చేయరాదను ప్రతిపాదనను సైతము ఓటర్లు ఆనాడే ఆమోదించిరి. ఒక చేతితో కల్లు పుచ్చుకొని రెండవచేతితో మద్యపాననిషేధ పత్రముమీద సంతకము చేసినట్లున్నది.

2008లో శాన్ ఫ్రాన్సిస్కోనుండి లాస్ ఏంజెలిసునకు శీఘ్రగామియగు రైలు వేయుటకు 995 కోట్ల డాలర్ల ఋణమును ఓటర్లు ఒప్పుకొనిరి. ఆనాటి యంచనాలో మొదటి ఘట్టపు వ్యయము 3,300 కోట్లు; నేటి యంచనా 10,000 కోట్లు దాటినది. 2020 నాటికి నడచునన్న రైలు నేటికిని ఆ రెండు నగరముల నడుమ నడచుటలేదు.

మూడిటికిని ప్రజాసమ్మతి కలదు. మూడును ఒక్క విధమైన ఋణములు కావు. కాబట్టి ఓటు అనునది ఋణమునకు చట్టబలము నీయగలదేకాని దానంతటనది ధర్మబలమును ఈయజాలదని తేలుచున్నది. ఏలన, ఆ ఓటింగు గదిలో నిలిచినవాడు జీవించియున్నవాడు. తీర్చువారిలో సగమైనను అక్కడ లేనివారు. ఇద్దరు చేరి మూడవవాని జేబునకు చేవ్రాలు చేయుదురేని, ఆ యిద్దరును ఏకగ్రీవముగా చేసిరనుట ఆ మూడవవానికేమి ఓదార్పు?

ఈ చిక్కును అమెరికా దేశస్థాపకులే మొదట గ్రహించిరి. 1789 సెప్టెంబరు 6వ తేదీన థామస్ జెఫర్సను పారిస్ నుండి జేమ్స్ మాడిసనునకు లేఖ వ్రాయుచు, భూమి జీవించియున్నవారిదనియు, మృతులకు దానిమీద అధికారము లేదనియు, కాబట్టి ఒక తరము తన యప్పును మరియొక తరముమీద వేయరాదనియు వాదించెను. జననమరణపు పట్టికలను చూచి తరమునకు 19 సంవత్సరములని లెక్కయు కట్టెను. మాడిసను మరుసటి ఫిబ్రవరిలో ప్రత్యుత్తరమిచ్చుచు, పూర్వులు చేసిన మేళ్లును వచ్చువారిమీద ఋణమేయనియు, శత్రువును తరిమివేయుట వంటి పనులు రాబోవువారికొరకే చేయబడుననియు, వాని వ్యయములో వారికిని పాలుండుట తగుననియు చెప్పెను.

ఇద్దరిలో మాడిసను మాటయే లోకవ్యవహారమునకు సరిపడునది. జెఫర్సను తానే అధ్యక్షుడై 1803లో లూయీసియానా ప్రాంతమును కొనునపుడు కోటిపైచిలుకు డాలర్లను ఋణపత్రముల రూపముననే చెల్లించెను. కాని జెఫర్సను భయము మాత్రము నిజమైనది, అందుకు ఆయన గృహమే సాక్షి. 1826లో ఆయన లక్ష డాలర్లకు మించిన సొంత అప్పులతో మరణించెను. మరుసటి జనవరిలో ఆయన మాంటిచెలో భవనమువద్ద సామానులతోపాటు బానిసలను వేలము వేసిరి. ప్రకటనలో చూపిన సంఖ్య నూటముప్పది. తల్లులొకచోటికి బిడ్డలొకచోటికి పోయిరి. ఆ యప్పు చేయునపుడు వారినెవ్వరు నడుగలేదు. ఆ విందులలో వారు వడ్డించిరేకాని భుజింపలేదు. ఒకడు చేసిన ఋణము నోరులేనివారిమీద పడుట యనగా నేమో దీనికంటె స్పష్టమైన దృష్టాంతము మాకు తెలియదు.

మన ధర్మశాస్త్రకారులు ఈ ప్రశ్నను రాజ్యమున గాక గృహమున ఎదుర్కొనిరి. తండ్రి ఋణమును పుత్రుడు తీర్చవలెనని వారు విధించిన మాట అందరికిని తెలిసినదే. ఆ విధికి వారు పెట్టిన హద్దులనే మనము మరచితిమి. మద్యమునకు, కామమునకు, జూదమునకు, వ్యర్థమైన దానములకు తండ్రి చేసిన ఋణమును పుత్రుడు చెల్లింపనక్కరలేదని యాజ్ఞవల్క్యుని నిర్ణయము. పుత్రుడు వడ్డీతోను, పౌత్రుడు వడ్డీలేక అసలు మాత్రమును చెల్లింపవలెననియు, ప్రపౌత్రునకు బాధ్యత లేదనియు బృహస్పతి చెప్పెను. పారిస్ లో కూర్చుండి జెఫర్సను వెదకిన తరపు హద్దు ఇతనికిని తోచినదే.

వీనితోపాటు ఆధునిక న్యాయస్థానముల నిర్ణయమొకటి స్మరింపదగియున్నది. 1856లో ప్రీవీ కౌన్సిలువారు హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యమున, మైనరు వారసుని యాస్తిని చూచుకొనువాడు దానిమీద ఋణము చేయుటకు అధికారము పరిమితమనియు, ఆవశ్యకతకో యాస్తి మేలునకో తప్ప చేయరాదనియు, అప్పిచ్చువాడు సైతము ఆ యావశ్యకతను విచారించియే ఈయవలెననియు తీర్పు చెప్పిరి. సంతకము చేయువాని యిష్టము చాలదు, అప్పు ప్రయోజనము ముఖ్యమని దీని సారము. 2005వ సంవత్సరపు చట్టసవరణచే, ఆ మీదట తండ్రులు చేయు ఋణములకు ధర్మబాధ్యత యనుదానిని మాత్రమే ఆధారముగా చేసికొని పుత్రునిమీద దావా వేయు వీలు పోయినది. గృహస్థుని కుమారునకు విడుదల లభించెను. రాజ్యములో పుట్టు పౌరునికి మాత్రము అట్టి విడుదల లేదు.

మా యింటి సంగతి యొకటి చెప్పుటకు పాఠకులు మన్నింతురుగాక. మా తండ్రిగారు గతించునాటికి రెండు ప్రోనోట్లు మిగిలినవి. ఒకటి పొలములో బోరుబావి వేయించుటకు వ్రాసినది. రెండవది మా అక్కగారి వివాహమున విందులకును, మేళములకును, బాణసంచాకును వ్రాసినది. రెండును ఇంచుమించు సమానమైన మొత్తములే. అన్నదమ్ములము కలసి రెండును అణాపైసలతో తీర్చితిమి. బావి యప్పు కట్టిననాడు మాకు బరువు తోచలేదు. ఆ నీటితో పండిన ధాన్యమే ఆ వాయిదాలను కట్టినది. పెండ్లి యప్పు తుది వాయిదానాడు మా తమ్ముడు నవ్వుచు, “అన్నయ్యా, ఆ పెండ్లినాటికి నాకు ఏడేండ్లు. నేను తిన్నవి రెండు లడ్డులు. నా వాటాకు ఇంత యెట్లు వచ్చినది?” అని యడిగెను. అందరమును నవ్వితిమి. కాని ఆ ప్రశ్నకు మాలో ఎవరికిని సమాధానము దొరకలేదు, నేటికిని దొరకలేదు. మా తండ్రిగారు దుర్వ్యయపరులు కారు. బంధువులయెదుట తలవంపు కాకూడదని చేసిరి. ఇంటిల్లిపాదియు ఆనాడు సమ్మతించినవారమే. సమ్మతి కొరతపడలేదు, ఇంకొకటేదో కొరతపడినది.

ఆ కొరత యేమో ఇప్పుడు చెప్పవచ్చును. గోల్డెన్ గేటు బావియప్పు. 2004వ సంవత్సరపు ఋణము పెండ్లియప్పు వంటిది. అందలి ధనము దుర్వినియోగమైనదని మా యభిప్రాయము కాదు, అది భుజించినవారు వేరు, తీర్చినవారు వేరు అని మాత్రమే. 2008వ సంవత్సరపు రైలు ఇంకను నీరుపడని బావి. ఓటరు తన్ను తాను యజమానిగా భావించినంతకాలము ఈ మూడును అతనికి ఒక్కటిగానే కన్పించును: నా సొమ్ము, నా యిష్టము. తాను మైనరు వారసుని యాస్తికి సంరక్షకుడనని తలచిననాడు మూడును వేర్వేరుగా గోచరించును.

ఈ దృష్టితో చూచినపుడు 53వ ప్రతిపాదన యందలి మేలును లోపమును రెండును తెలియుచున్నవి. సుంకములతో తీరును గనుక ప్రజలనడుగ నక్కరలేదను వాదము బలహీనమైనది. సుంకము కట్టువాడును ప్రజయే. నీరు కావలసినవాడు నీటిపన్నును తప్పించుకొని ఎక్కడికి పోవును? 1837కు పూర్వము కాలువలను గూర్చి చెప్పిన మాటయే అది. కాబట్టి పెద్ద ఋణమును ప్రజల కంటబెట్టవలెనను కోరిక న్యాయమైనదే. కాని ఆ ప్రతిపాదన హద్దును మొత్తమునుబట్టి గీచినదేకాని ప్రయోజనమునుబట్టి గీయలేదు. 201 కోట్ల బావిని ఆపి యడుగును. 199 కోట్ల పెండ్లిని అడుగకయే పోనిచ్చును. ఎంత యను ప్రశ్న వేసి, ఎందులకు, ఎంతకాలము, ఎవరినుండి అను ప్రశ్నలను విడిచినది. 1846లో న్యూయార్కువారు వ్రాసికొనిన నియమము దీనికంటె ధర్మశాస్త్రమునకు చేరువ. ఒక పని, ఒక గడువు, దానికి తగిన పన్ను, ఆ తరువాత ఓటు. ఈ నాలుగును కూడినపుడే సమ్మతియను మాటకు నిండైన యర్థము కలుగును.

ఇది అమెరికావారి గొడవ, మనకేల యని కొందరనవచ్చును. మన రాజ్యాంగపు 293వ అధికరణము రాష్ట్రములకు ఋణము తెచ్చుకొను నధికారమునిచ్చి, దాని హద్దును శాసనసభకు వదలినది. కేంద్రమునకు బాకీయున్న రాష్ట్రము దాని యనుమతి పొందవలెనన్నది. ప్రజల ప్రత్యక్షపు ఓటు ఎక్కడను లేదు. 2014లో ఆంధ్రప్రదేశ్ విభజింపబడినపుడు ఉమ్మడి ఋణములో అధికభాగమును జనసంఖ్యనుబట్టి పంచిరి: ఆంధ్రప్రదేశ్ కు నూటికి 58.32, తెలంగాణమునకు 41.68. అన్నదమ్ములు వేరుపడునపుడు పెరటి చెట్టుతోపాటు తండ్రి ప్రోనోటును పంచుకొనినట్లే. ఆ యేడు జూన్ రెండవ తేదీన పుట్టిన శిశువు ఏ గట్టున పుట్టినను వాని వాటా వానికై ముందే వేచియున్నది. మనకు ఓటుపత్రముమీద ఆ ప్రశ్న రాకపోవచ్చును. ఎన్నికల సభలలో మన యెదుట ఎన్నో వరములు గుమ్మరింపబడుచుండగా, ఇవి బావులా, పెండ్లిళ్లా యని యడుగుటకు మాత్రము ఏ యధికరణమును మనకు అడ్డురాదు. అడుగువాడు లేనిచోట ఇచ్చువాడు లెక్క చెప్పడు.

ఎన్నికల పిమ్మట అన్నగారితో మరల మాటాడితిమి. వారు తమ ఓటుపత్రమును ఇంటివద్దనే నింపి టపాలో పంపిరట. వారట్లు బల్లయొద్ద కూర్చుండి నింపుచుండగా ఎనిమిదేండ్ల వారి కుమార్తె వచ్చి, తానును ఒక గుర్తు పెట్టెదనని మారాము చేసినదట. “పెట్టనియ్యలేదు, చట్టము ఒప్పదు గదా” అని వారు చెప్పిరి. చేసినది సరియే. కాని ఋణమునకు సమ్మతించు ప్రతి పౌరుడును, కాలిఫోర్నియాలో నైనను కాకినాడలో నైనను, చేవ్రాలు చేయుటకు ముందు ఆ పిల్ల చేతికి ఒక్క నిమిషము కలమిచ్చినట్లు భావించి, అది యెటు గుర్తు పెట్టునో ఆలోచింపవలెనని మా మనవి. అట్లు ఆలోచించిన పిదప చేసిన యప్పును తీర్చువారు మనలను నిందింపరు. ఆలోచింపక చేసిన యప్పును సైతము వారు తీర్తురు. వారికి వేరు గతి లేదు. రెండులడ్డుల లెక్క మాత్రము మనలను అడుగుదురు.